వాదశిల మీద పడవవాడు

కనకశృంగ రాజ్యానికి రాజధాని రత్నవేదిక. ఆ నగరాన్ని వర్ణించమంటే నాకు సరదాయే కానీ, ఈ అధ్యాయంలో మనకు అంత తీరిక లేదు. ఏడు ప్రాకారాలు, ఒక్కో ప్రాకారానికి ఒక్కో రంగు రాయి, వీధి వీధినా నోళ్ళు తెరిచిన శిలామకరాలు, ఆ నోళ్ళలోంచి బాటసారుల మీద చిలికే పన్నీటి జల్లు. ఇంతవరకు చెప్పి ఊరుకుంటాను. నగరంలోకెల్లా ఎత్తైన చోట, నల్లరాతి మెట్ల మీద, నూట ఎనిమిది స్తంభాలతో న్యాయమండపం ఉంది. ఒక్కో స్తంభం మీద ఒక్కో ధర్మసూత్రం చెక్కారు. ఆ మండపం వాకిట్లో ఆ ఉదయం, మోకాళ్ళదాకా తడిసిన పంచెతో, చేతిలో తెడ్డుతో ఒక యువకుడు నిలబడి లేఖకుడితో వాదులాడుతున్నాడు. మన కథ వాడిదే.

వాడి పేరు తెప్పన్న. శోణధారా నదిలో తెప్ప మీద పుట్టాడు కనుక ఆ పేరు. అమ్మానాన్నలు ఒక వరదలో పోతే, అన్న ఏరన్న పడవ నడిపి వాణ్ణి పెంచాడు. పసివాడు ఏట్లో పడిపోతాడని తన నడుముకూ తమ్ముడి నడుముకూ ఒకే పగ్గం కట్టుకుని మరీ తెడ్డు వేసేవాడు. సుడి కనబడినప్పుడల్లా "ముడి చూసుకోరా తెప్పా" అనేవాడు.

అటువంటి ఏరన్నకు ఇవాళ మిట్టమధ్యాహ్నం కోట గంట పన్నెండోసారి మోగేసరికి మరణశిక్ష ఖాయమవుతుంది. జరిగింది ఇదీ. రాజకుమారి ఇందుకళ ఏరు దాటడానికి అతని పడవ ఎక్కింది. నడి ఏట్లో పొగమంచు కమ్మింది. మంచు విడేసరికి పడవలో రాజకుమారి లేదు. ఆమె కాలి అందె ఒక్కటి పడవ అడుగున దొరికింది. "పడవవాడే నగల కోసం తోసేశాడు, నా బురుజు మీంచి చూశాను" అని మంత్రి ధూమకర్ణుడు నేరం మోపి, ఆ అందెను తన మొలసంచిలో భద్రంగా దాచుకున్నాడు. ఈ ధూమకర్ణుడు మాంత్రికుడు. మంత్రం వేసినప్పుడల్లా అతని చెవుల్లోంచి సన్నగా పొగ వస్తుంది. రాజుగారికి తప్ప ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు.

కనకశృంగంలో నిందితుడు తన తరఫున తాను నోరు విప్పకూడదు. వాదముద్ర ఉన్న న్యాయవాదే మాట్లాడాలి. ఏరన్న పక్షాన రమ్మని తెప్పన్న ఎక్కని గడప లేదు. ఒక్కరూ కదల్లేదు. ఎందుకు కదులుతారు? పోయినేడు ధూమకర్ణుడికి ఎదురు వాదించిన పెద్దమనిషి ఇప్పుడు రాజోద్యానం కొలనులో కప్పగా ఉన్నాడు. ఆయన భార్య రోజూ వచ్చి అటుకులు వేసి వెళుతోంది.

"అయితే నేనే న్యాయవాదినవుతాను" అన్నాడు తెప్పన్న. ఏడాదికొకసారి జరిగే ముద్రాపరీక్ష ఆ ఉదయమే ఉంది. కోట గంటకు ఇంకా మూడు గడియలుంది.

"ముందు ఆ తెడ్డు అవతల పెట్టు" అన్నాడు వాకిట్లో కూర్చున్న లేఖకుడు చిట్టిభట్టు.

"పరీక్షకు వచ్చానండీ."

"దేనికి, ఈతకా?"

"న్యాయవాదానికి."

చిట్టిభట్టు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వాక వేలు ఎత్తాడు. "పన్నెండేళ్ళు గురువు నోట ధర్మశాస్త్రం విన్నట్టు పత్రం కావాలి. ఉందా?"

ఉంది! నది మధ్య లంకలో గురుకులం నడిపే శంఖాచార్యులవారు రోజూ రెండుపూటలా ఏరన్న పడవలోనే వచ్చిపోయేవారు. పాఠం ఆపితే శిష్యులు నిద్రపోతారని ఆయన పడవలో కూడా పాఠం చెబుతూనే ఉండేవారు. శిష్యులు నిద్రపోయారు. తెడ్డు వేసే తెప్పన్న మాత్రం విన్నాడు. ఆయన సంతోషంగా తాటాకు మీద రాసిచ్చారు.

చిట్టిభట్టు ఆ ఆకును తిరగేసి మరగేసి చూశాడు. "ఇది పడవలో విన్నది. చెల్లదు."

"గురువు నోట వినాలన్నారు. నేల మీద కూర్చుని వినాలని ఏ స్తంభం మీద రాసుందో చూపించండి, వెళ్ళిపోతాను."

పాపం చిట్టిభట్టు నిజంగానే లేచి నూట ఎనిమిది స్తంభాలూ చుట్టి వచ్చాడు. రొప్పుతూ కూలబడి రెండో వేలు ఎత్తాడు. "సరే. నడవడి మంచిదని ఐదిళ్ళవాళ్ళు వచ్చి చెప్పాలి."

తెప్పన్న ఈల వేశాడు. పల్లెపాలెం నుంచి ఐదుగురు ఆడవాళ్ళు చేపల బుట్టలతో సహా మెట్లెక్కి వచ్చారు. అందులో అందరికంటే పెద్దావిడ లేఖకుణ్ణి ఎగాదిగా చూసి, "ఓరి, నువ్వు మన చిట్టివి కదూ! ఏడేళ్ళప్పుడు రేవులో మునిగిపోతుంటే జుట్టు పట్టుకుని లాగింది ఎవడనుకున్నావు? ఈడన్న ఏరన్నే!" అంది.

చిట్టిభట్టు చెయ్యి దానంతటదే పిలక మీదికి వెళ్ళింది. ఇంకేమీ అడగకుండా ముద్ర గుద్ది, "తెడ్డు నేను చూస్తుంటాలే, లోపలికి నడువు" అన్నాడు మెల్లగా.

లోపల ముగ్గురు పరీక్షాధికారులు. నడుమ కూర్చున్న తెల్లజుట్టు ముసలావిడ ప్రధానాధికారిణి ధీమంతీదేవి. ఒళ్ళో వేయించిన శనగల పొట్లం. అతిథి ఆసనం మీద, పచ్చల ఉంగరాలు తిప్పుకుంటూ, సాక్షాత్తూ ధూమకర్ణుడు! ఏరన్న తమ్ముడు పరీక్షకు వచ్చాడని ఆయనకు కబురు అందనే అందింది.

మండపం మధ్యలో బల్లపరుపు నల్లరాయి. అదే వాదశిల. దాని మీద నిలబడి అబద్ధమాడితే రాయి వేడెక్కుతుంది. అబద్ధం ఎంతో వేడి అంత. ఊళ్ళో పేరుమోసిన న్యాయవాదులంతా నాలుగు వేళ్ళ మందం చెక్కపాదుకలు ఎందుకు తొడుక్కుంటారో ఇక నేను వేరే చెప్పక్కర్లేదు. పరీక్షలో మాత్రం ఉత్త పాదాలే. వాదన ముగిసి, "ఇదీ నా పక్షం, ఇక ధర్మం మీది" అని చెప్పేదాకా కాలు తీయకూడదు. తీస్తే పరీక్ష పోయినట్టే.

మొదటిది స్మృతి పరీక్ష. "నలభై ఒకటో సూత్రం నుంచి డెబ్బైదాకా" అంది ధీమంతీదేవి. తెప్పన్న నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు! చేతులు ఊరికే ఉంటే వాడికి ఏమీ గుర్తురాదు. వెంటనే గాలిలోనే తెడ్డు పట్టుకున్నట్టు చేతులు చాచి, ఒక్కో ఊపుకు ఒక్కో సూత్రం లాగడం మొదలెట్టాడు. ముప్పై ఊపుల్లో ముప్పై సూత్రాలు. ఊపు ఎక్కువై డెబ్బై ఆరుదాకా వెళ్ళిపోయాడు.

"ఆగు నాయనా, గట్టు వచ్చింది" అంది ధీమంతీదేవి శనగలు నములుతూ.

రెండోది సాక్షి పరీక్ష. ఒక అవ్వను ప్రవేశపెట్టారు. "తెల్లారుతూనే ఏటి గట్టున కూచున్నాను. దొంగ నా మేకను పడవలో ఎక్కించుకుని నాకేసే వచ్చాడు. ఈ కళ్ళతో వాడి మొహం చూశాను!" అంది ఆవిడ. అభ్యర్థి మూడే ప్రశ్నలు వేయాలి. తెప్పన్నకు ముందు వచ్చినవాడు మేక రంగు, మేక వయసు, మేక పేరు అడిగి తప్పిపోయాడు.

"అవ్వా, ఏ గట్టున కూచున్నావు?"

"పడమటి గట్టున."

"పొద్దు ఎంతెక్కింది?"

"అప్పుడే పొడిచింది నాయనా, నీళ్ళంతా మెరిసిపోతా ఉంది."

"కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నావా?"

"పెట్టుకోనూ మరి? పోట్లు పొడిచేస్తుంటే!"

తెప్పన్న చేతులు జోడించాడు. "ఎదురుపొద్దులో వచ్చే పడవలో మనిషి మొహం నల్లమచ్చలాగే కనబడుతుందండీ. రోజూ నేను చూసేదే. నా ప్రశ్నలు అయిపోయాయి."

అవ్వ పకపకా నవ్వింది. "పదహారేళ్ళుగా ఈ అబద్ధం చెబుతున్నానే ధీమంతీ, ఇవాళ్టికి ఒకడు పట్టుకున్నాడు!"

అంతదాకా నవ్వుతూనే ఉన్న ధూమకర్ణుడు ముందుకు జరిగి కూర్చున్నాడు.

మూడోది ఎదురుపక్ష పరీక్ష. రాజ్యంలో తీర్పు కావలసిన తగవులన్నీ ఆకుల మీద రాసి ఒక కుండలో వేస్తారు. చేతికి వచ్చిన తగవులో నేరం మోపినవాడి పక్షాన, ఒక్క అబద్ధం ఆడకుండా, పూర్తి బలంతో వాదించాలి. తెప్పన్న కుండలో చెయ్యి పెట్టాడో లేదో, అడుగునుంచి ఒక ఆకు ఎగిరి వచ్చి వాడి వేళ్ళకు అంటుకుంది. ధూమకర్ణుడి కుడిచెవి మీద సన్నటి పొగ లేచింది.

ధీమంతీదేవి ఆకు చదివింది. ఆవిడ నోట్లో శనగలు ఆగిపోయాయి. "రాజకుమారి ఇందుకళ అదృశ్యం. నేరం మోపినవారు మంత్రి ధూమకర్ణులు. నిందితుడు... పడవ ఏరన్న."

బాగా వాదిస్తే అన్న మెడకు తన చేత్తోనే ఉచ్చు బిగించినట్టు. వాదించకపోతే ముద్ర రాదు, అన్న పక్షాన నిలబడేవాడు ఉండడు. తెప్పన్నకు కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

"కావాలంటే దిగిపో బాబూ. వచ్చే ఏడు రావచ్చు" అంది ధీమంతీదేవి.

"వచ్చే ఏటికి మా అన్న ఉండడమ్మా" అన్నాడు తెప్పన్న. కండువాతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నవాడు సగంలో ఆగిపోయాడు. కండువా కిందికి దించేసరికి, ఏం చెప్పమంటారు, మొహం మతాబులా వెలిగిపోతోంది. తిన్నగా ధూమకర్ణుడికి దణ్ణం పెట్టాడు.

"మంత్రిగారూ, అయితే ఇప్పుడు తమరు నా కక్షిదారు. నేను తమ న్యాయవాదిని."

"ఊఁ, కానియ్యి" అన్నాడు ధూమకర్ణుడు ఉంగరం తిప్పుతూ.

తెప్పన్న గొంతు సవరించుకున్నాడు. "రాజకుమారి మా అన్న పడవ ఎక్కింది. అవతలి గట్టు చేరలేదు. పడవలో ఆమెతో ఉన్నది మా అన్న ఒక్కడే. ఒక అందె పడవలో దొరికింది." ఒక్కో మాటా వాడి గుండెలో గుచ్చుకుంటోంది. అయినా అన్నీ నిజాలే. రాయి చల్లగా ఉంది. "మా కక్షిదారుకు ఉన్న ఆధారమల్లా ఆ అందె. ఎదుటి న్యాయవాది మొదట దాని మీదే పడతాడు. అందుకని వాడు అడగకముందే నేనే అడుగుతున్నాను. అరవైమూడో స్తంభం ప్రకారం వస్తువును కడిగించండి."

మాంత్రికులు తిరిగే రాజ్యం కదండీ. సాక్ష్యంగా తెచ్చిన వస్తువు మీద మంత్రం ఉందేమోనని ఏడు నదుల నీళ్ళతో దాన్ని కడగడం అక్కడి ఆచారం. తెచ్చినవాడే కడగాలి. కాకపోతే న్యాయవాది ఎవరైనా అడిగితేనే. ఏరన్నకు న్యాయవాదే లేడు కనుక, అడిగేవాడుండడని ధూమకర్ణుడు నిశ్చింతగా ఉన్నాడు. తన న్యాయవాదే అడుగుతాడని పాపం కలలో కూడా అనుకోలేదు.

"అక్కర్లేదు!" అన్నాడు ధూమకర్ణుడు.

"తమ మంచికోసమే చెబుతున్నానండీ."

రాయి చురుక్కుమంది. తెప్పన్న గబుక్కున సర్దుకున్నాడు. "తమ మంచికోసం కాదు లెండి. తమ కేసు మంచికోసం." రాయి చల్లబడింది.

ధీమంతీదేవి శనగల పొట్లం పక్కన పెట్టింది. "ధూమకర్ణా, నీ న్యాయవాది అడిగాడు. కాదంటే ఆ అందె సాక్ష్యం కాదని ఇప్పుడే రాయించేస్తాను. కడుగు."

పళ్ళెం తెచ్చారు. ఏడు చెంబులు తెచ్చారు. ధూమకర్ణుడు పళ్ళు నూరుతూ అందెను తీసి మొదటి చెంబు వంచాడు. ఏమీ కాలేదు. రెండోది వంచాడు. ఏమీ కాలేదు. మూడో చెంబు శోణధార నీళ్ళు. అవి పడగానే అందె "హాఛ్!" అని తుమ్మింది.

అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"ఎవరయ్యా చన్నీళ్ళు పోస్తున్నది? బుద్ధి లేదూ?" అంది అందెలోంచి ఒక ఆడపిల్ల గొంతు. సందేహం లేదు, రాజకుమారి ఇందుకళే! ఆ విసురు ఇంకెవరికీ రాదు.

ధూమకర్ణుడి రెండు చెవుల్లోంచీ కుమ్మరి ఆవం నుంచి వచ్చినట్టు పొగ చిమ్మింది. మనిషి మాయమై, మనిషంత గద్ద ఒకటి రెక్కలు విప్పింది. అందెను గోళ్ళతో తన్నుకుని, గవాక్షం బద్దలు కొట్టుకుని, తూర్పుగా ఎగిరింది. జనం కేకలు. తెప్పన్న వెంటపడబోయాడు. మడమ అప్పుడే రాతి మీంచి లేస్తోంది.

"కాలు!" అని అరిచింది ధీమంతీదేవి.

మడమ ఠక్కున మళ్ళీ రాతికి ఆనింది. తెప్పన్న రొప్పుతూ చెప్పాడు. "నా కక్షిదారు తన సాక్ష్యంతో సహా పారిపోయాడు. ఆయన ఉన్నంతవరకు ఆయన పక్షాన చెప్పవలసిన నిజమంతా దాచకుండా చెప్పాను. ఇదీ నా పక్షం, ఇక ధర్మం మీది."

"ఒక పక్షాన్ని ఇంత శ్రద్ధగా వాదించి ఇంత నాశనం చేసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు" అంటూ ధీమంతీదేవి తన చేత్తో రాగి వాదముద్రను వాడి మెడలో వేసింది. "పరిగెత్తు! పరీక్షలో చూసినది సభలో సాక్ష్యంగా చెప్పడానికి మాకు వీల్లేదు. నువ్వే చెప్పుకోవాలి."

దూరంగా కోట గంట మొదటిసారి మోగింది.

తెప్పన్న మెట్ల మీదికి వచ్చేసరికి పైన గద్ద చుట్టూ తిరుగుతూ మంత్రం చదువుతోంది. ఇంతకుముందు పన్నీరు చిలికిన శిలామకరాలు ఒళ్ళు విరుచుకుని గర్జించాయి. వాటి నోళ్ళలోంచి నిలువెత్తు నీళ్ళు వీధిలోకి దూకాయి. క్షణంలో వీధి ఏరైపోయింది. వాణ్ణి ముంచేద్దామని ధూమకర్ణుడి ఎత్తు. చూశారా, ఎంత కోపం వస్తే మాత్రం, పడవవాడి ముందు నీళ్ళు పోస్తారటండీ?

"చిట్టిభట్టుగారూ, తెడ్డు! మీ రాతబల్ల కూడా!"

రాతబల్ల తిరగబడి పడవైంది. దాన్ని వదలని చిట్టిభట్టు ప్రయాణికుడయ్యాడు. నాలుగో గంట. ప్రవాహం ఆరో ప్రాకారం ద్వారంలోంచి వాళ్ళను విసిరింది. ఆరో గంట. ఎదురుగా ఏనుగు! తెప్పన్న తెడ్డు అడ్డం వేసి దాని కాళ్ళ సందులోంచి దూరాడు. చిట్టిభట్టు తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచి, తెలియనివాళ్ళను కూడా పిలవడం మొదలెట్టాడు. తొమ్మిదో గంట. కోట వాకిలి. నీళ్ళు వాళ్ళను తిన్నగా సభలోకి, సింహాసనం ముందుకు తెచ్చి పడేశాయి.

సంకెళ్ళతో ఏరన్న నిలబడి ఉన్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి, మహారాజు ప్రతాపశేఖరుడి కళ్ళు వాచి ఉన్నాయి. "మూడోసారి, ఆఖరిసారి అడుగుతున్నాను. ఈ పడవవాడి పక్షాన ఎవరైనా ఉన్నారా?"

పదకొండో గంట మోగింది. తెప్పన్న తడిపాదాలతో సభలో కూడా ఉన్న మరో వాదశిల ఎక్కాడు. మెడలో ముద్ర పైకెత్తాడు.

"ఉన్నాను మహారాజా! ఏరన్న పక్షాన నేనున్నాను."

"ఒరే తెప్పా!" అన్నాడు ఏరన్న అదిరిపడి. "నీకేం పోయేకాలంరా! నిన్ను కూడా కప్పను చేస్తాడు. ఇంటికి పో!"

"నువ్వు మాట్లాడకూడదన్నా. ధర్మం ఒప్పుకోదు" అన్నాడు తమ్ముడు. తరవాత, అందె తుమ్మిన దగ్గర్నుంచి గద్ద ఎగిరిపోయిన దాకా జరిగినదంతా రాజుకు చెప్పాడు. రాయి చల్లగానే ఉంది.

"నా బిడ్డ బతికే ఉందా!" అని రాజు సింహాసనం మీంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు అబద్ధమాడలేదని రాయి చెబుతోంది. పొరబడలేదని మాత్రం రాయి చెప్పలేదు. మూడు రోజులు గడువిస్తున్నాను. ఆ అందెను నా ముందు పెట్టు. ఆచారం తెలుసునా?"

తెలుసు. గడువు పొందిన న్యాయవాది తన కక్షిదారును తన నడుముకు కట్టుకుని తిప్పుకోవాలి. ముడి వీడితే ఇద్దరూ దోషులే.

భటులు సంకెళ్ళు విప్పారు. తెప్పన్న కండువా తీసి తన నడుముకు చుట్టి, రెండో కొస అన్నకు అందించాడు. ఏరన్న ఆ కొసను కాసేపు అలాగే పట్టుకుని చూశాడు. ఇరవై ఏళ్ళ కిందట పగ్గానికి వేసిన ముడినే మళ్ళీ వేసి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

వీధిని ముంచి మళ్ళీ తూర్పు పట్టిన గద్ద వాలేందుకు అటు ఉన్న కొండ కాకిశిలే. అక్కడికి దారి ఏడుసుడుల మడుగు ఒక్కటే. ఆ మడుగును ప్రాణాలతో దాటినవాడు రాజ్యమంతటికీ ఒక్కడు, ఏరన్న. పొద్దు వాలేలోగా అన్నదమ్ములిద్దరూ తమ పాత పడవలో ఆ మడుగు అంచుకు చేరారు. నీళ్ళు నురగలు కక్కుతూ గిరగిరా తిరుగుతున్నాయి. నడుమ నుంచి ఎవరో పిలుస్తున్నట్టు హోరు. కొండమీద సన్నగా పొగ లేస్తోంది.

ఏరన్న తెడ్డు బిగించి, అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. ఈసారి తమ్ముడే ముందు అన్నాడు.

"ముడి చూసుకో అన్నా."

ఏరన్న నడుము తడుముకుని తల ఊపాడు. పడవ ముక్కు మొదటి సుడిలోకి వంగింది.